చిరుపొక్కులు – హెర్పిస్: దేనికి భయపడాలి, దేనికి అక్కరలేదు



మన నూజివీడు చుట్టుపక్కల తోటల్లో మామిడి కోత మొదలైతే మూతి పేలినవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ కనిపిస్తారు. ఒకరికి కాయ కోస్తుంటే సొన కారి పేలుతుంది. ఒకరికి చిన్నరసం ముచ్చిక కొరికి చీకితే పేలుతుంది. ఎండలో నాలుగు రోజులు గంపలు మోసిన ఇంకొకరికి పెదవి అంచున నీటిపొక్కులు గుత్తిగా లేస్తాయి. ముగ్గురినీ చూసి పక్కవాళ్ళు "మామిడి వేడి చేసింది" అని ఒకే మాట అంటారు.

మూతి మీద వున్నంతసేపు ఎవరికీ అనుమానం రాదు. అటువంటి పొక్కులే గజ్జల్లోనో, మర్మస్థానం మీదనో కనిపిస్తే ఇక ఆ ఇంట్లో నిద్ర వుండదు. "ఎక్కడి నుంచి తెచ్చావు?" అని ఆయన, "మీరే తెచ్చి వుంటారు" అని ఆమె. కొన్నిచోట్ల పెద్దమనుషుల్లో పెట్టేదాకా పోతుంది. పొక్కు రెండు మూడు వారాల్లో మానిపోయినా తగవు మానదు.

అందుకే హెర్పిస్ అనే ఈ జబ్బు ఎలా అంటుతుందో, ఎలా అంటదో ఈ కరపత్రంలో చెబుతున్నాము. భార్యాభర్తలిద్దరూ కలిసి చదవండి. చదవడం రానివారికి చదివి వినిపించండి.

పొక్కులన్నీ ఒకటి కావు

మొదట సొన సంగతి. మామిడి, జీడిమామిడి, చాకలివారు బట్టలకు గుర్తు పెట్టే నల్లజీడి – ఈ మూడూ ఒకే కుటుంబం చెట్లు. వీటి సొనలో చర్మాన్ని మండించే పదార్థం వుంది. ముచ్చిక దగ్గర కారే సొన తగిలితే కొందరికి అప్పుడే కాలినట్లవుతుంది. అది పడని వొళ్ళయితే ఒకటి రెండు రోజులు గడిచాక ఎర్రబడి, దురదపెట్టి, పొక్కులు లేస్తాయి. సొన తగిలినంత మేరా, మూతి చుట్టూ, ముంజేతుల మీద వస్తాయి. దురద ఎక్కువ. ఇది ఒకరి నుంచి ఒకరికి అంటదు. కోతకు పోయిన మగవాళ్ళు చేతులు కడుక్కోకుండా మూత్రానికి కూర్చుంటే ఆ చేతి సొన అక్కడా తగిలి పేలవచ్చు. అదీ సుఖరోగం కాదు. ముచ్చిక తీసి నాలుగు చుక్కలు పిండి పారబోసి, కాయను కాసేపు నీళ్ళలో వేసి, అప్పుడు తినమని అమ్మమ్మలు చెప్పేది సరైన మాటే.

రెండవది అక్కి. నడుముకో, ఛాతీకో, ముఖానికో ఒక పక్కనే పట్టీ కట్టినట్లు పొక్కులు వస్తాయి. నిప్పు పెట్టినట్లు సలుపు. చిన్నప్పుడు ఆటలమ్మ పోసినవారిలో ఆ క్రిమి నరాల్లో దాగి వుండి, పెద్దతనంలోనో, వొంట్లో శక్తి తగ్గినప్పుడో ఇలా బయటపడుతుంది. ఇది భార్య వల్ల వచ్చేది కాదు, భర్త వల్ల వచ్చేది కాదు. అయితే డాక్టరుగారు చీటీ మీద దీన్ని "హెర్పిస్ జోస్టర్" అని రాస్తారు. ఆ చీటీలో హెర్పిస్ అన్న మాట ఒకటి చదివి, అది సుఖరోగమట అని ఎవరో చెబితే విని, అరవై ఏళ్ళ పెద్దాయనను అనుమానించిన ఇళ్ళు లేకపోలేదు. పేరులో సగం కలిసినంత మాత్రాన జబ్బు ఒకటి కాదు. కుమ్మరి చేత ఎర్రమట్టితో అక్కి రాయించుకునే ఆచారం మనకు వుంది. రాయించుకునేవారు రాయించుకోండి గాని, పొక్కులు లేచిన మూడు రోజుల లోపలే డాక్టరుగారికి చూపించండి. మందు ఆ మూడు రోజుల్లో మొదలుపెడితేనే బాగా పనిచేస్తుంది. కంటి దగ్గర వస్తే ఒక్క రోజు కూడా ఆగవద్దు.

మూడవది అసలు మనం మాట్లాడుకుంటున్న హెర్పిస్. డాక్టర్లు దీన్ని హెర్పిస్ సింప్లెక్స్ అంటారు. మొదట చురుచురుమని, సూదులు గుచ్చినట్లు వుంటుంది. తర్వాత ఎర్రబడిన చోట చిన్న చిన్న నీటిపొక్కులు గుంపుగా లేస్తాయి. రెండు మూడు రోజుల్లో పగిలి పుండ్లవుతాయి, తర్వాత చెక్కుకట్టి మానతాయి. మొదటిసారి జ్వరం, గజ్జల్లో బిళ్ళలు, మూత్రం పోస్తే మంట వుండవచ్చు, మానడానికి రెండు మూడు వారాలు పట్టవచ్చు. తర్వాత్తర్వాత వచ్చేవి చిన్నవిగా, మళ్ళీ ఆ చోటుకు దగ్గరలోనే వస్తాయి, తొందరగా మానతాయి. జ్వరం, ఎండదెబ్బ, అలసట, ఆడవారికి బహిష్టు – ఇవి దాన్ని లేపుతాయి. ("హెర్పిస్" అన్న మాట గ్రీకు భాషలో "పాకడం" నుంచి వచ్చింది. మనవాళ్ళు పొక్కులు చూసి "పురుగు పాకింది" అనడం గుర్తుకు వస్తుంది.)

ఇందులో రెండు రకాలు. ఒకటవ రకం ఎక్కువగా నోటి దగ్గర, రెండవ రకం ఎక్కువగా మర్మస్థానం దగ్గర వస్తాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 సంవత్సరానికి వేసిన లెక్క ప్రకారం, 50 ఏళ్ళలోపు వారిలో నూటికి 64 మంది వొంట్లో ఒకటవ రకం క్రిమి వుంది. 15 నుంచి 49 ఏళ్ళ వారిలో నూటికి 13 మందికి రెండవ రకం వుంది. వీరిలో చాలామందికి తమకు వున్నట్లే తెలియదు. కాబట్టి ఇది మీ ఒక్క ఇంటికే వచ్చిన వింత కాదు.

ఎలా అంటుతుంది, ఎలా అంటదు

చర్మం చర్మానికి తగిలితే అంటుతుంది. పొక్కు వున్న పెదవితో ముద్దు పెడితే పెదవికి అంటుతుంది. పొక్కు వున్న మర్మస్థానం కలయికలో తగిలితే అక్కడ అంటుతుంది. పెదవి పొక్కు వున్నవారు నోటితో మర్మస్థానాన్ని తాకితే నోటి క్రిమి అక్కడికి చేరుతుంది. చెప్పుకోవడానికి సిగ్గుపడే మాటే అయినా దంపతులు తెలుసుకోవాలి. పొక్కు పచ్చిగా, తడిగా వున్నప్పుడు అంటే అవకాశం అన్నిటికంటే ఎక్కువ. పొక్కు ఏమీ కనిపించని రోజుల్లో కూడా క్రిమి కొద్దికొద్దిగా చర్మం మీదికి వస్తూ వుంటుంది గనుక అప్పుడూ అంటవచ్చు, కాని అవకాశం తక్కువ.

ఇక వస్తువుల వల్ల అంటుతుందా అంటే – మరుగుదొడ్డి వల్ల అంటదు. ఒకే బావి నీళ్ళు పోసుకుంటే అంటదు. ఒకే దండెం మీద చీరలు ఆరేస్తే అంటదు. ఒకే మంచం, ఒకే దుప్పటి, సబ్బు, దోమకాటు, కలిసి కూర్చుని భోజనం చేయడం, వంట చేసి వడ్డించడం – వీటివల్ల అంటదు. ఈ క్రిమి మనిషి చర్మాన్ని వదిలి బయటపడితే ఆరిపోయి తొందరగా నశిస్తుంది. కోడలికి పొక్కులు వచ్చాయని కంచం, గ్లాసు వేరు చేసి, పిల్లలను దగ్గరికి పోనివ్వని అత్తగార్లున్నారు. అది జబ్బుకు మందు కాదు, కోడలికి శిక్ష. బిడ్డను ఎత్తుకోవచ్చు, నీళ్ళు పోయవచ్చు, పక్కలో పడుకోబెట్టుకోవచ్చు. పెదవి మీద పొక్కు తడిగా వున్న నాలుగు రోజులు మాత్రం పిల్లలను ముద్దు పెట్టుకోవద్దు, మీరు చీకిన మామిడిపండు వాళ్ళ నోట పెట్టవద్దు. పొక్కును ముట్టుకున్న చేత్తో కన్ను నలుపుకోవద్దు. హెర్పిస్ కంటికి పాకితే చూపుకు ప్రమాదం. చేతులు సబ్బుతో కడుక్కోండి.

2000 దాటిన కొత్తలో మన రాష్ట్రమంతా పులిరాజా ప్రకటనలు చూశారు కదా. ఆ రోజుల్లో ఎయిడ్స్ గురించి ఒక పాఠం ఊరూరా నేర్చుకున్నాము: ముట్టుకుంటే అంటదు, కలిసి తింటే అంటదు, నిరోధ్ వాడితే రక్షణ అని. ఆ పాఠం హెర్పిస్‌కు సగమే సరిపోతుంది. కలిసి తినడం వరకు సరే. కాని హెర్పిస్ రక్తం నుంచి, వీర్యం నుంచి కాక చర్మం నుంచి చర్మానికి పోయే జబ్బు. నిరోధ్ కప్పినంత మేరకే కాపాడుతుంది. తొడ మొదట్లోనో, వృషణాల మీదో పొక్కు వుంటే నిరోధ్ దాన్ని కప్పదు. అందుచేత నిరోధ్ వల్ల ప్రమాదం బాగా తగ్గుతుంది గాని పూర్తిగా పోదు. పొక్కులు వున్నప్పుడు, చురుచురు మొదలైనప్పటి నుంచి చెక్కు రాలి కొత్త చర్మం వచ్చేవరకు కలయిక మానుకోవడమే మేలు. మిగతా రోజుల్లో నిరోధ్ వాడండి.

"ఎవరు తెచ్చారు?"

ఒక ఇల్లు వూహించుకోండి. భర్త తోట గుత్తకు తీసుకుని మూడు నెలలు కాపలా గుడిసెలోనే వున్నాడు. ఇంటికి వచ్చిన పది రోజులకు భార్యకు పొక్కులు లేచాయి. ఇద్దరూ ఆరోగ్య కేంద్రానికి వచ్చారు.

"నర్సమ్మగారూ, పెళ్ళయి తొమ్మిదేళ్ళయింది. ఎన్నడూ లేంది ఇప్పుడు వచ్చింది. ఈయన తోటలో వుండి వచ్చాకే వచ్చింది. ఇంకేం చెప్పాలండీ?" అంది ఆమె.

"నాకేం పొక్కుల్లేవమ్మగారూ, కావాలంటే డాక్టరుగారిని చూడమనండి. నాకు లేంది దానికెట్లా వచ్చిందో దాన్నే అడగండి," అన్నాడు ఆయన.

"ఇద్దరూ కూర్చోండి," అంది నర్సమ్మ. "బాబూ, నీకు చిన్నప్పుడు జ్వరం వస్తే పెదవి మీద పేలేదా?"

"పేలేదండీ. ఇప్పటికీ ఎండాకాలం పేలుతుంది."

"అమ్మాయ్, నీకు ఎప్పుడైనా అక్కడ గీరుకున్నట్లు, దురదగా, చెమటకాయ లేచినట్లు అయి పోయిందా?"

"అయిందండీ. బ్లేడు తగిలిందేమో అనుకున్నా."

ఈ రెండు జవాబులూ వినండి. ఆయన పెదవి మీది క్రిమి చిన్ననాడు వాళ్ళ అమ్మో, మేనత్తో ముద్దు పెట్టుకున్నప్పుడు చేరి వుండవచ్చు. అది నోటి ద్వారా భార్యకు చేరి వుండవచ్చు. లేదా ఆమె వొంట్లోనో ఆయన వొంట్లోనో పెళ్ళికి ముందునుంచే వున్న క్రిమి ఇన్నాళ్ళు చడీచప్పుడు లేకుండా వుండి వుండవచ్చు. అంటిన తర్వాత రెండు రోజుల నుంచి పన్నెండు రోజుల్లో పొక్కులు రావడం ఒక పద్ధతి. అసలేమీ కనిపించకుండా, నెలలో ఏళ్ళో గడిచాక మొదటిసారి బయటపడటం ఇంకొక పద్ధతి. అప్పటిదాకా క్రిమి వెన్ను దగ్గరి నరాల ముడుల్లో పడుకుని వుంటుంది. కనుక పొక్కు లేచిన తేదీని బట్టి అంటిన తేదీ చెప్పలేము. ఎవరి నుంచి వచ్చిందో చెప్పడం డాక్టరుగారి వల్ల కూడా కాదు. మొదట ఎవరికి కనిపించిందో వారే తెచ్చారనడానికి కూడా ఆధారం లేదు. ఒకరికి వున్నా పైకి కనిపించక, రెండవవారికి ముందు కనిపించడం మామూలే. మగవారి నుంచి ఆడవారికి అంటడం తేలిక గనుక నింద కూడా ఆడవారి మీదనే ముందు పడుతున్నది. ఇది అన్యాయం.

బయటి సంబంధాల వల్ల హెర్పిస్ రాదని మేము చెప్పడం లేదు. వస్తుంది. అటువంటిది ఏమైనా వుంటే పెద్దమనుషుల ముందు కాదు, డాక్టరుగారి ముందు చెప్పండి. ఆ మాట ఆయన దగ్గరే వుంటుంది. మర్మస్థానంలో ఏ పుండు వచ్చినా సవాయికి, హెచ్.ఐ.వి.కి రక్తపరీక్ష చేయించుకోవాలి. సవాయి పుండు నొప్పి లేకుండా వస్తుంది, దానంతటదే మానినట్లు కనిపిస్తుంది, లోపల మాత్రం వుంటుంది. దానికి సూదిమందుతో పూర్తిగా నయమవుతుంది. రెండవ రకం హెర్పిస్ వున్నవారికి హెచ్.ఐ.వి. అంటే ప్రమాదం సుమారు మూడు రెట్లు ఎక్కువ. ఇక్కడ జాగ్రత్త అవసరం. హెచ్.ఐ.వి., సుఖవ్యాధుల గురించి ఫోనులో అడగాలంటే 1097 నంబరుకు డబ్బు ఖర్చు లేకుండా చేయవచ్చు.

"ఆపరేషను అయింది కదా"

మన ఆంధ్రప్రదేశ్‌లో 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం పెళ్ళయిన ఆడవారిలో నూటికి దాదాపు 70 మంది పిల్లలు పుట్టకుండా ఆపరేషను చేయించుకున్నారు. నిరోధ్ వాడే జంటలు నూటికి ఒక్కరు కూడా లేరు. పిల్లలు చాలనుకున్నవారికి ఆపరేషను మంచిదే. కాని ఆపరేషను గర్భాన్ని ఆపుతుంది, క్రిమిని ఆపదు. కాపర్-టి, నోటి మాత్రలు, అంతర సూది, మగవారి వేసెక్టమీ – వేటివల్లా హెర్పిస్ నుంచి రక్షణ లేదు. హెర్పిస్ వున్నవారు ఈ పద్ధతులు వాడకూడదని కూడా కాదు, నిరభ్యంతరంగా వాడవచ్చు. 1968లో ప్రభుత్వం నిరోధ్‌ను తెచ్చినప్పుడు అది పిల్లల ఎడం కోసం అని చెప్పారు. ఆపరేషను అయిన ఇంటికి కూడా దానితో పని వుందని ఇప్పుడు చెప్పవలసి వస్తున్నది.

టార్చ్ పరీక్ష కాగితం

గర్భం నిలవని కొందరికి బయట లాబులో "టార్చ్" అనే రక్తపరీక్ష చేయిస్తారు. అందులో హెర్పిస్ ఎదుట "పాజిటివ్" అని వస్తుంది. ఆ కాగితం చూసి భార్యకు చెడ్డజబ్బు వుందని పుట్టింటికి పంపినవారున్నారు. ఆ పాజిటివ్ అర్థం ఇంతే: ఎప్పుడో ఒకప్పుడు ఆ క్రిమి ఆమె వొంట్లోకి వచ్చింది, వొళ్ళు దానితో పోరాడింది. చిన్నప్పటి పెదవి పొక్కుకు కూడా ఆ మాట వస్తుంది. నూటికి 64 మందిలో వున్న క్రిమి అని పైన చదివారు కదా. ఎప్పుడు వచ్చింది, ఎవరివల్ల వచ్చింది అన్నది ఆ పరీక్ష చెప్పదు. మాటిమాటికీ గర్భం పోవడానికి ఈ పరీక్ష కారణం చూపలేదు. కాగితం తెచ్చి డాక్టరుగారికి చూపించండి, ఇంట్లో తీర్పు చెప్పుకోకండి. పొక్కు పచ్చిగా వున్నప్పుడు అందులోని నీరు దూదిపుల్లతో తీసి చేసే పరీక్షే నమ్మదగినది.

నెలలు నిండిన తల్లి, పురిటిబిడ్డ

నిజంగా భయపడవలసిన చోటు ఇది. పురిటిబిడ్డకు హెర్పిస్ రావడం అరుదు. ప్రపంచం మొత్తం మీద లక్ష కాన్పులకు సుమారు 10 మంది బిడ్డలకు వస్తుందని అంచనా. కాని వస్తే మెదడుకు ఎక్కవచ్చు, ప్రాణం తీయవచ్చు.

తల్లికి ఎప్పటినుంచో హెర్పిస్ వుంటే బిడ్డకు ప్రమాదం చాలా తక్కువ, నూటికి ఒక్కటి కంటే తక్కువ. తల్లి రక్తంలోని రక్షణ బిడ్డకు కూడా చేరుతుంది గనుక. కాన్పు దగ్గరపడ్డాక మొట్టమొదటిసారి అంటితే మాత్రం ఆ రక్షణ తయారయ్యే వ్యవధి వుండదు. అప్పుడు నూటికి 30 నుంచి 50 మంది బిడ్డలకు సోకవచ్చు. అందుచేత భర్తలు ఈ మాట గట్టిగా గుర్తుంచుకోవాలి: మీకు పొక్కులు వచ్చే అలవాటు వుండి, ఆమెకు ఎన్నడూ లేకపోతే, ఏడో నెల నుంచి కాన్పు వరకు కలయిక వద్దు, పెదవి పొక్కు వున్న నోటితో మర్మస్థానాన్ని తాకవద్దు. ఈ అలవాటు వుందని ఏ.ఎన్.ఎం. అమ్మకో డాక్టరుగారికో గర్భిణి ముందే చెప్పాలి. చివరి నెలలో వాడటానికి మాత్రలున్నాయి. నొప్పులు వచ్చిన రోజున అక్కడ పచ్చి పొక్కులుంటే డాక్టర్లు సిజేరియన్ చేసి బిడ్డను తీస్తారు. ఇంటి దగ్గర కాన్పుకు ఆగకుండా నూజివీడు ఏరియా ఆసుపత్రి వంటి పెద్దాసుపత్రికి వెళ్ళాలి.

పురుటి పదకొండో రోజుకు, బారసాలకు చుట్టాలందరూ వస్తారు, బిడ్డను ఎత్తి ముద్దులాడతారు. పెదవి మీద పొక్కు వున్నవారు ఎంత దగ్గరివారైనా, తాతగారైనా, మేనమామ అయినా ముద్దు పెట్టకూడదు. అనడానికి మొగమాటమైతే "డాక్టరుగారు వద్దన్నారు" అని మా మీద వేయండి. తల్లి పాలు ఇవ్వవచ్చు. రొమ్ము మీద పొక్కు వుంటే ఆ పక్క మానిపి, రెండో పక్క ఇవ్వాలి. నెలలోపు బిడ్డ పాలు తాగకపోయినా, జ్వరం వచ్చినా, మత్తుగా పడివున్నా, ఫిట్స్ వచ్చినా, పొక్కులు కనిపించినా అదే గంటలో ఆసుపత్రికి తీసుకుపోవాలి.

మందు సంగతి

క్రిమిని వొంట్లోంచి పూర్తిగా వెళ్ళగొట్టే మందు ఇంకా రాలేదు. కాని పొక్కులను తొందరగా మాన్పే మందు వుంది. ఎసైక్లోవిర్ అంటారు. 1982లో అమెరికాలో వాడకానికి వచ్చింది. దాని వెనుక పనిచేసినవారిలో ఒకరైన గెర్ట్రూడ్ ఎలియన్ అనే ఆమెకు 1988లో నోబెల్ బహుమతి వచ్చింది. మాటిమాటికీ వచ్చేవారికి డాక్టరుగారు రోజూ వాడే పద్ధతిలో ఇస్తారు. అప్పుడు పొక్కులూ తగ్గుతాయి, ఎదుటివారికి అంటే అవకాశమూ తగ్గుతుంది. ఏళ్ళు గడిచేకొద్దీ చాలామందికి రాకపోకలు వాటంతటవే తగ్గుతాయి. సున్నం, కిరసనాయిలు, చెట్టుపసర్లు పూసి పుండు చేసుకోవద్దు. ఉప్పునీళ్ళతో కడిగి, పొడిగా వుంచి, వదులైన నూలుబట్ట కట్టుకోండి. మూత్రం మండితే నీళ్ళు బాగా తాగి, మూత్రం పోసేటప్పుడు మీద నీళ్ళు పోసుకోండి.

చూపించుకోవడానికి మాత్రం పొక్కు పచ్చిగా వున్నప్పుడే రండి, వీలయితే మొదటి రెండు మూడు రోజుల్లో, ఇద్దరూ కలిసి. ఆడవారు ఆడ డాక్టరునో నర్సమ్మనో అడగవచ్చు. తగ్గిపోతుందిలే అని ఆగి చెక్కు రాలాక వస్తే డాక్టరుగారికి కనిపించేది మచ్చ ఒక్కటే, అది సొన వల్లనో హెర్పిస్ వల్లనో అప్పుడు చెప్పడం కష్టం.